సోలార్ పనుల ఖర్చుకు లెక్క అడిగితే ఇస్తారా? మా ఊరి అనుభవం

ఊళ్లో పెట్టిన సోలార్ లైట్లు అప్పుడే ఆరిపోయాయి, వాటి ఖర్చు లెక్క మామూలు మనిషి అడిగితే చెబుతారా అని ఒకరు అడిగారు. చెబుతారు, చెప్పి తీరాలి. ఏం అడుగుతున్నామన్నదే ముఖ్యం.

మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. మా వీధుల్లో 12 సోలార్ దీపాలు పెట్టారు. రెండో వానాకాలానికి ఏడు ఆరిపోయాయి. బోరింగు దగ్గరి స్తంభానికి నిచ్చెన వేసి చూస్తే బ్యాటరీ డబ్బా మూత ఊడి ఉంది, లోపల వైర్లకు పచ్చగా చిలుము. "ఏం బిడ్డా, మళ్ల టార్చి పట్టుకొనే పోవుడా?" అని మా పెద్దమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మొదట "లైట్లు ఎందుకు వెలగట్లేదు?" అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ఇది సమాచారం కిందికి రాదని తిప్పి పంపారు. కోపం వచ్చింది. కానీ ఆ చట్టం కింద రికార్డుల్లో ఉన్నదే ఇస్తారు, కారణాలు వెతికి చెప్పరు. రెండోసారి మూడే అడిగాను: వర్క్ ఆర్డర్ (కాంట్రాక్టరుకు పని అప్పగించిన ఉత్తర్వు) నకలు, ఎంబీ (జరిగిన పనిని కొలిచి రాసే పుస్తకం) పేజీలు, చివరి బిల్లు చెల్లించిన తేదీ. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో ఇవ్వాలి, లేదంటే అప్పీలు. నాకు అప్పీలు వేస్తే గానీ రాలేదు.

వర్క్ ఆర్డర్‌లో ఐదేళ్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టరుదే అని స్పష్టంగా ఉంది! పంచాయతీ కార్యదర్శి కొత్తగా వచ్చారు, ఆ కాగితం ఆయన చూడనే లేదు. బిల్లు మాత్రం ఎప్పుడో పూర్తిగా కట్టేశారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఎన్ని పెట్టారో రాసుకుంటారు, ఎన్ని పనిచేస్తున్నాయో ఎవరూ రాయరు.

ఇలాంటి సోలార్ పనులు ఇప్పుడు పొలాల్లోకీ వస్తున్నాయి. 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం అనే రాష్ట్ర ప్రభుత్వ పథకం మొదలైంది. 2.10 లక్షల గిరిజన రైతులకు 12,600 కోట్లు, అంటే సగటున ఒక్కొక్కరికి 6 లక్షలు. బోరు, సోలార్ మోటారు అన్నీ ఉచితం. ఊరికే వచ్చిందని చాలామంది అడగడానికి మొహమాటపడతారు. దయచేసి పడకండి, ఆ ఖర్చు మీ పేరు మీదే రాస్తారు. మోటారు బిగించిన రోజే ప్యానెల్ వెనక స్టిక్కరు, మోటారు నంబరు ఫోటో తీసుకోండి, వారంటీ కార్డు మీ దగ్గరే పెట్టుకోండి. జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా సమాచార హక్కు చట్టంలోనే ఉంది, ఆ సంగతి చాలామందికి తెలియదు.

వర్క్ ఆర్డర్ నకలు జతచేసి లేఖ ఇచ్చాక మనుషులొచ్చి బ్యాటరీలు మార్చారు. ఏడింటిలో ఐదు వెలుగుతున్నాయి. బోరింగు దగ్గరిది, బడి వెనకది ఇంకా వెలగలేదు. వాటికి మొన్న సోమవారం మళ్లీ లేఖ ఇచ్చి రసీదు తీసుకున్నాను.