ఎన్నూర్‌లో ఆయిల్ పడితే బకెట్లతో ఎందుకు ఎత్తారు? కెమికల్ కొడితే పోయేది కదా?

అప్పట్లో అందరూ నవ్వుకున్నారు గానీ అందులో కొంచెం లాజిక్ ఉందండీ. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూర్ పోర్టు బయట రెండు షిప్పులు గుద్దుకున్నాయి, కారింది పెట్రోల్ లాంటి పల్చటి సరుకు కాదు, తారులా చిక్కటి ఫర్నేస్ ఆయిల్, అది నీళ్లూ ఇసకా కలుపుకుని ముద్దలా అయిపోయి ఒడ్డున బండరాళ్ల సందుల్లో ఇరుక్కుంది, ఇక అక్కడ మెషిన్ పైపులు ఏం లాగుతాయి, మనుషులే ఎత్తాలి. అసలు ఒడ్డుకు చేరకముందే నీళ్ల మీద తేలే అడ్డుకట్టలు (బూమ్‌లు అంటారు) వేసి ఆపాల్సింది, నా దృష్టిలో తప్పు అక్కడే.

ఇక కెమికల్ సంగతి. అది నూనెని మాయం చెయ్యదు, చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి నీళ్లలో కలిపేస్తుందంతే. లోతైన సముద్రంలో అయితే సరే, ఒడ్డు దగ్గర లోతు తక్కువ కాబట్టి ఆ బొట్లన్నీ చేపపిల్లలకీ గుడ్లకీ తగుల్తాయి. 1967లో ఇంగ్లండ్ దగ్గర టోరీ కాన్యన్ అనే ఆయిల్ షిప్పు రాళ్లకి గుద్దుకుని నూనె కారినప్పుడు తీరమంతా డిటర్జెంట్లు కుమ్మరించారు, నూనె కంటే అవే ఎక్కువ జీవుల్ని చంపాయి. 1989లో అలాస్కాలో షిప్పు నుంచి నూనె కారినప్పుడు వేడినీళ్లతో ప్రెషర్ పెట్టి రాళ్లు కడిగారు, రాళ్లయితే తళతళలాడాయి గానీ వాటిమీదున్న నత్తలూ నాచూ ఉడికిపోయాయి, కడగని చోట్లే ముందు కోలుకున్నాయి.

మడ అడవుల్లో అయితే ఇంకా జాగ్రత్త, క్లీనింగ్ పేరుతో తొక్కితే నూనె బురదలోకి దిగిపోయి ఏళ్ల తరబడి ఉంటుంది.