సంగీతం డిగ్రీ మధ్యలో మనసు సైకాలజీ వైపు మళ్లితే

మీరు అడిగింది ఇది: బి.ఎ. రెండో సంవత్సరం, గాత్రం ప్రధాన విషయం. ఇప్పుడు మానేసి సైకాలజీలో చేరాలని ఉంది. చిన్నప్పటి నుంచి చేసిన సాధన వృథా అవుతుందని, గురువుగారు బాధపడతారని భయం. నేను వయొలిన్ ప్రధాన విషయంగా డిగ్రీ చదివాను, ఇప్పుడు ఒక కళాశాలలో లైబ్రేరియన్‌ని. ఆ సందిగ్ధం నాకు బాగా తెలుసు.

నా సలహా: సైకాలజీకి తప్పక వెళ్లండి, కానీ ఈ డిగ్రీ పూర్తి చేసి వెళ్లండి. మన దగ్గర ప్రధాన విషయం మార్చుకోవడమంటే చాలా చోట్ల మళ్లీ మొదటి సంవత్సరంలో చేరడమే. భాషల పేపర్లు లెక్కలోకి వస్తే రావచ్చు గానీ, మీరు నేర్చిన వర్ణాలకూ కృతులకూ అక్కడ విలువ కట్టరు. అదే డిగ్రీ చేతికి వచ్చాక దారులు చాలా తెరుచుకుంటాయి. బ్యాంకు పరీక్షలకు గానీ, లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల లా చదవడానికి గానీ డిగ్రీలో ఏ విషయం చదివారన్నది అడ్డు కాదు. ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్య ద్వారా ఎం.ఎ. సైకాలజీకి ఏ డిగ్రీ ఉన్నా చేరే వీలు 2025 వరకూ ఉండేది. మిగతా విశ్వవిద్యాలయాల్లో నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఇప్పుడే చూసుకోండి. ముఖ్యంగా క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకుంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉన్న కోర్సు చదివి, అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. ఆ కోర్సుకు ఎలాంటి ఎం.ఎ. అడుగుతారో తెలుసుకున్నాకే ఎక్కడ చేరాలో నిర్ణయించుకోండి. మీరు మొదటి సెమిస్టరులోనే ఉండి ఉంటే మాత్రం వెంటనే మారమని చెప్పేదాన్ని.

అసలు విషయం దీనికన్నా లోతైనది. సంగీతం డిగ్రీలో సాధన, వేదిక, శాస్త్రం, బోధన అన్నీ కలిసి ఉంటాయి. మీకు వద్దనిపిస్తున్నది వీటిలో ఏది? నాకు రెండో సంవత్సరంలో వర్ణాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో వాయించడం భారమైపోయింది. కచేరీ చేయాలన్న కోరిక లేదు. కానీ శాస్త్రం తరగతి అంటే ప్రాణం. పూర్వపు శాస్త్రకారుడు వేంకటమఖి చెప్పిన 72 మేళకర్తల (మూల రాగాల) లెక్క మొదటిసారి అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ మా లైబ్రరీలో దొరికింది. ఒక్కో గమకానికి, అంటే స్వరాన్ని కదిలించే తీరుకు, ఆయన వాడిన గుర్తులు చూస్తూ కూర్చుంటే వయొలిన్ కమాను పట్టుకోవాలన్న ధ్యాసే ఉండేది కాదు. నాకు కావలసింది సంగీతం గురించిన పుస్తకాలని, వాటిని భద్రపరిచే పని అని అక్కడే తెలిసింది. డిగ్రీ అయ్యాక లైబ్రరీ సైన్సులో చేరాను. ఆ చేరడంలో సంగీతం మీద విరక్తి రవ్వంత కూడా లేదు.

మీ సంగతి కూడా ఇలాగే విడదీసి చూసుకోండి. కచేరీకి ముందు చేతులు చల్లబడుతున్నాయి గానీ ఇంట్లో ఒంటరిగా తోడి రాగం పాడుకుంటే హాయిగా ఉందంటే, అది వేదిక భయం. దానికి కోర్సు మార్చనక్కరలేదు. గొంతు తరచూ బొంగురుపోతుంటే ముందు ఈఎన్‌టీ వైద్యుడికి చూపించండి. ఏ రాగం విన్నా లోపల కదలిక లేదంటే, అప్పుడది నిజంగా సెలవు తీసుకోవలసిన వేళ. అందులో తప్పేమీ లేదు.

బెంగ డబ్బు గురించే అయితే అది న్యాయమైన బెంగే. కచేరీల మీదే బతకగలిగేవారు అతి కొద్దిమంది. ఆకాశవాణి ఆడిషన్‌లో బి గ్రేడు వస్తే గౌరవం ఉంటుంది గానీ ఇల్లు గడవదు. నాతో చదివినవారిలో స్థిరపడినవారు ఎక్కువగా పాఠాలు చెప్పుకునేవారే. అమెరికాలో పిల్లలకు సాయంత్రమయ్యే వేళకు ఇక్కడ తెల్లవారుతుంది. నాతో చదివిన ఆ మిత్రులు అప్పుడే ఆన్‌లైన్‌లో పాఠం చెప్పి, పగలు వేరే ఉద్యోగం చేసుకుంటారు. సైకాలజీ చదువుతూ మీరూ అలా చేయవచ్చు, ఫీజులకు పనికొస్తుంది.

సాధన వృథా అవుతుందన్న మాట నేను ఒప్పుకోను. కర్ణాటక సంగీత విద్వాంసులు శ్రీపాద పినాకపాణి గారు వృత్తిరీత్యా వైద్యులు. కర్నూలులో వైద్యం చేస్తూ, బోధిస్తూ జీవించారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. అంతటి విద్వత్తు అందరికీ రాదు. కానీ సంగీతంతో అనుబంధానికి సంగీతమే వృత్తి కానక్కరలేదని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

గురువుగారికి ఈ సంగతి మరొకరి నోట తెలియకముందే మీరే వెళ్లి చెప్పండి. ఫోనులో వద్దు. పాఠం అయ్యాక, మిగతా పిల్లలు వెళ్లాక చెప్పండి. ‘మానేస్తున్నాను’ అనకుండా ‘డిగ్రీ పూర్తి చేస్తాను, తర్వాత సైకాలజీ చదువుతాను, వారానికోసారి మీ దగ్గరికి రావచ్చా’ అని అడగండి. మా గురువుగారు కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఏ రోజు వస్తావని అడిగారు. మీ గురువుగారు కోప్పడినా తట్టుకోండి, ఎన్నో ఏళ్లు మీకోసం కూర్చున్న మనిషికి ఆ హక్కు ఉంది.

ఈ సెలవుల్లో సైకాలజీ డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెచ్చుకుని, గణాంకాల అధ్యాయం నుంచే మొదలుపెట్టండి. చాలామంది వెనకడుగు వేసేది అక్కడే. అది దాటాక కూడా చదవాలనిపిస్తే ఐదో సెమిస్టరు నుంచి పీజీ ప్రవేశ పరీక్షకు సిద్ధం కండి.