తాత చెప్పిన వంశం, తోక వెంట్రుక చెప్పిన వంశం

ప్రశ్న: బ్రెజిల్‌లో కోట్ల సంఖ్యలో ఉన్న నెలోరు పశువులు నిజంగా మన ఒంగోలు జాతేనా? వాటి తల్లి వంశం యూరప్ ఆవులదని జన్యు పరీక్షలో తేలినట్టు ఎక్కడో చదివాను. అసలు ఒక జంతువు డీఎన్ఏ చూసి దాని పూర్వీకులు ఎక్కడివో ఎలా చెబుతారు?

జవాబు:

మీరు చదివింది నిజమే. నెలోరు మన ఒంగోలే అన్నదీ నిజమే. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావని నాకు అర్థం కావడానికి ఒకసారి పరువు పోగొట్టుకోవలసి వచ్చింది. ఆ కథ చెబుతాను, కానీ ముందు మా తాత సంగతి.

మాది గుండ్లకమ్మకు దగ్గరి పల్లె. తాతకు అక్షరం రాదు గానీ, దొడ్లో ఉన్న ప్రతి గిత్త వంశమూ నాలుగైదు తరాల వరకు నోటికి వచ్చు. ఇది ఫలానా వారి తెల్లగిత్తకు పుట్టింది, దాని తండ్రి గుడికి వదిలిన ఆంబోతు, ఆ ఆంబోతు తండ్రి బండలాగుడు పోటీల్లో గెలిచింది, ఇలా. చిన్నప్పుడు ఒకసారి అడిగాను: “మరి దీని తల్లి, తాతయ్యా?” “మన ఇంటి ఆవే.” “ఆ ఆవు తల్లి?” “అదీ మన ఇంటి ఆవే.” అంతకు మించి ఆయన దగ్గర సమాధానం లేదు. ఆవులకు పేర్లున్నాయి, ప్రేమా ఉంది, వంశచరిత్రలో మాత్రం చోటు లేదు.

పశువైద్యం చదివి, పై చదువుకు జన్యుశాస్త్రం ప్రయోగశాలలో చేరాక తెలిసింది, డీఎన్ఏలో ఒక భాగం సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తుందని. కణంలో మైటోకాండ్రియా అనే భాగాలుంటాయి. వాటికి సొంతంగా చిన్న డీఎన్ఏ ఉంటుంది, పశువుల్లో 16 వేల పైచిలుకు అక్షరాలు (డీఎన్ఏ గొలుసులో వరుసగా ఉండే రసాయన ముక్కలను అలా అంటాం). అది తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. కోడెదూడకూ వస్తుంది, కానీ అది తన పిల్లలకు ఇవ్వలేదు. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే పోతుంది, మన ఇంటిపేరులాగా. ఇక మిగిలిన డీఎన్ఏ దాదాపు అంతా తల్లీ తండ్రీ చెరిసగం ఇచ్చినది. ప్రతి తరంలోనూ కలిసి, తెగి, మళ్లీ అతుక్కుంటుంది. అంటే ఒకే జంతువులో మూడు రకాల చరిత్రలున్నాయి. వీటిలో ఒక్కదాన్నే చదివి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఇప్పుడు చెబుతాను.

మా బాబాయి ఒకరి దగ్గర మంచి గిత్త ఉండేది. కొనడానికి వచ్చిన వ్యక్తికి మూపురం చూసి అనుమానం వచ్చింది. “నువ్వు చదివే చదువు ఇదే కదా, చూసి చెప్పు” అన్నారు బాబాయి. తోక కుచ్చు నుంచి కుదుళ్లతో సహా ముప్ఫై వెంట్రుకలు పీకి కవరులో వేసుకుని వెళ్లాను. (రక్తమే తీయనక్కరలేదు, కుదురు ఉంటే వెంట్రుక చాలు. కత్తిరించిన వెంట్రుక పనికిరాదు. ఈ సంగతి తెలియక ఒకాయన పొట్లం నిండా కత్తిరించి పంపారు.) మైటోకాండ్రియా డీఎన్ఏ చూస్తే మూపురం జాతిదే (మన ఆవులకు మూపురం ఉంటుంది, యూరప్ ఆవులకు ఉండదు). వై క్రోమోజోము చూసినా మూపురం జాతిదే. వెంటనే ఫోను చేసి “బాబాయ్, నికార్సయిన ఒంగోలు, ఢోకా లేదు” అని చెప్పేశాను.

మర్నాడు మా మేడమ్ అడిగారు: “మిగతా 29 జతల క్రోమోజోములు చూశావా?” చూడలేదు. తరువాత చిప్ (డీఎన్ఏలో వేల చోట్లను ఒకేసారి చదివే పరీక్ష పలక) మీద సుమారు 50 వేల చోట్ల అక్షరాలు చదివించాం. పావు భాగం యూరప్ జాతిదని వచ్చింది. బాబాయికి మళ్లీ ఫోను చేస్తే కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పారు. ఈ గిత్త తల్లి పుట్టకముందు, ఇంట్లో పాలకు ఇబ్బందిగా ఉందని ఒంగోలు ఆవుకు జెర్సీ సూది (ఆ యూరప్ జాతి ఆంబోతు వీర్యం) వేయించారట. దానికి పుట్టిన పెయ్యను పెద్దయ్యాక మంచి ఒంగోలు ఆంబోతుకు దాటించారు. అలా పుట్టింది ఈ గిత్త.

ఇప్పుడు లెక్క చూడండి. గిత్త వై క్రోమోజోము తండ్రిది, ఒంగోలు. మైటోకాండ్రియా తల్లికి తల్లిది, అదీ ఒంగోలే. మధ్యలో ఉన్న జెర్సీ దానికి మాతామహుడు. మాతామహుడి ఇంటిపేరు మనవడికి రాదు, ఆయన తల్లి వంశమూ రాదు. కానీ ముక్కూ నుదురూ రావచ్చు కదా. అలాగే ఆ జెర్సీ వాటా మొత్తం మిగతా క్రోమోజోముల్లో కూర్చుని ఉంది. నేను చూసిన రెండు కిటికీల్లోంచీ కనబడని ఏకైక తాతను వదిలేసి సర్టిఫికెట్ ఇచ్చేశాను. బేరం పోయింది. బాబాయి ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే “ఏరా, నికార్సయిన డాక్టర్” అని పిలుస్తారు.

బ్రెజిల్‌లో జరిగింది దీనికి తలకిందుల కథ. పోర్చుగీసులు తీసుకెళ్లిన మూపురం లేని ఆవులు అక్కడ అప్పటికే మూడు వందల ఏళ్లుగా ఉన్నాయి. 19వ శతాబ్దంలో మన పశువులు అక్కడికి చేరడం మొదలైంది. 1868లో బాయియా రాష్ట్రంలోని సాల్వడార్ రేవులో ఒక జంట దిగినట్టు చెబుతారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ పేరు నెలోరు అయింది. 1960ల మొదట్లో చివరి పెద్ద దిగుమతి జరిగింది. ఆ పశువులను ముందుగా సముద్రం మధ్యలో ఉన్న ఫెర్నాండో డి నొరొన్యా దీవిలో వేరుగా ఉంచి, రోగాలు లేవని తేలాకే ప్రధాన భూభాగానికి తీసుకెళ్లారు. వాటిలో ఒక గిత్త పేరు కర్వాది, మన ఒంగోలు పక్కన ఉన్న కరవది ఊరి పేరే. నేటి నెలోరు పశువుల వంశావళి తిరగేస్తే ఈ పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది.

మొత్తం మీద మన దేశం నుంచి వెళ్లినవి వేలల్లోనే, వాటిలో విలువంతా గిత్తలదే. అక్కడి రైతు ఏం చేస్తాడు? ఉన్న ఆవులకే మన గిత్తను దాటించాడు. పుట్టిన పెయ్యకు మళ్లీ మన గిత్త, దాని పెయ్యకు మళ్లీ మన గిత్త. తరానికి సగం చొప్పున పాత ఆవు వాటా తరిగిపోతుంది: సగం, పావు, అరపావు. ఏడెనిమిది తరాలకు నూటికి ఒక వంతు కూడా మిగలదు. ఒక్కటి మాత్రం తరగదు, మైటోకాండ్రియా. అది తల్లి నుంచి కూతురికి చెక్కుచెదరకుండా పోతుంది. అందుకే 1999లో బ్రెజిల్ పరిశోధకులు నెలోరు పశువుల మైటోకాండ్రియా డీఎన్ఏ చూసినప్పుడు, చాలావాటిలో యూరప్ జాతి తల్లి వంశం బయటపడింది. ఒళ్లంతా ఒంగోలు, మూపురం ఒంగోలు, గంగడోలు ఒంగోలు, తల్లి వైపు మూలం మాత్రం పోర్చుగల్ ఓడ దిగిన ఏదో ఎర్రావు. వాటిని “నిజమైన ఒంగోలు కావు” అనేవాళ్లు నేను చేసిన తప్పునే ఎదురు దిక్కు నుంచి చేస్తున్నారు.

కలయిక ఎప్పుడు జరిగిందో కూడా డీఎన్ఏ చెబుతుంది. పొలం పంపకాలు ఊహించుకోండి. తాత పేరున ఇరవై ఎకరాల చెక్క ఒకటే ఉంటుంది, మనవళ్ల నాటికి అది ముక్కలై మధ్యలో వేరేవాళ్ల గట్లు వస్తాయి. బయటి జాతి నుంచి వచ్చిన డీఎన్ఏ కూడా అంతే, ప్రతి తరంలోనూ తెగుతుంది. మా బాబాయి గిత్తలో జెర్సీ ముక్కలు క్రోమోజోము పొడవునా పెద్ద చెక్కలుగా కనబడ్డాయి, అంటే నిన్న మొన్నటి వ్యవహారం. నూరేళ్ల కిందటి కలయిక అయితే సన్నని కమతాలుగా చెదిరి కనబడేది.

ఇదే పద్ధతిని ఇంకా వెనక్కు తీసుకెళితే మరీ ఆసక్తికరంగా ఉంటుంది. 1994లో మూపురం ఉన్న పశువుల, లేని పశువుల మైటోకాండ్రియాను పోల్చి చూశారు. రెండింటి మధ్య తేడాలు ఎన్ని ఉన్నాయంటే, అవి విడిపోయి లక్షల ఏళ్లు అయి ఉండాలి. మనిషి పశువులను మచ్చిక చేసుకుని పదివేల ఏళ్లకు అటూ ఇటూ మాత్రమే. కాబట్టి ఒకే చోట మచ్చికైన ఆవు ఎండకు మూపురం పెంచుకుని మన ఆవు అయిందన్న పాత ఊహ నిలవదు. పశ్చిమాసియాలో ఒక అడవి జాతిని, మన ఉపఖండంలో మరో అడవి జాతిని, విడివిడిగా మచ్చిక చేసుకున్నారు.

మన వైపు అది ఎక్కడ జరిగింది? ఇక్కడ పనికొచ్చే సూత్రం ఒకటి ఉంది. ఒక వంశం పుట్టిన చోట దాని రకాలు ఎక్కువగా ఉంటాయి, వలస పోయే గుంపు వాటిలో కొన్నింటినే వెంట తీసుకెళుతుంది. మూపురం జాతి తల్లి వంశాల్లో ఐ1, ఐ2 అని రెండు ప్రధాన శాఖలున్నాయి. మన దగ్గర రెండూ ఉన్నాయి, తూర్పు ఆసియాకు పోయేకొద్దీ ఐ1 మాత్రమే ఎక్కువగా కనబడుతుంది. ఐ1లో వైవిధ్యం సింధు లోయ వైపు ఎక్కువ. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాల్లో దొరికిన పశువుల ఎముకలు కూడా ఆ వైపే వేలు చూపిస్తాయి. ఐ2 కథ అంత తేలిగ్గా తెగదు. అడవి ఆవులు ఒకటికి మించిన చోట్ల మందల్లో కలిసి ఉండవచ్చు. మన దక్కనులోనూ కొత్తరాతియుగపు పశుపాలకులు పేడ కాల్చగా మిగిలిన బూడిద దిబ్బలున్నాయి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు కాదు) 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు ఆ బూడిదలో గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాయి. ఆ గిట్టల డీఎన్ఏ చదవగలిగితే ఎంత బాగుండును అనిపిస్తుంది గానీ, మన ఎండలకు పాత ఎముకల్లోని డీఎన్ఏ నిలవడం చాలా కష్టం.

పశ్చిమాసియాకు ఆ అదృష్టం కాస్త ఉంది. అక్కడి చుట్టుపక్కల దొరికిన 67 పురాతన పశువుల డీఎన్ఏను 2019లో ప్రచురించారు. సుమారు 4,200 ఏళ్ల కిందట, పెద్ద కరువు కాలానికి కాస్త అటూ ఇటూగా, మూపురం జాతి వాటా ఒక్కసారిగా పెరిగింది. మైటోకాండ్రియా మాత్రం స్థానిక ఆవులదే మిగిలింది. అంటే అక్కడికీ గిత్తలే నడిచి వెళ్లాయి! ఎండనూ నీటి ఎద్దడినీ తట్టుకునే దూడల కోసం ఆ రైతులు కావాలనే దాటించుకుని ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. ఆఫ్రికాలోనూ ఇంతే: మూపురం ఉన్న పశువుల్లో తల్లి వంశం దాదాపు అంతా మూపురం లేని ఆఫ్రికా ఆవులది. మూడు ఖండాల్లో, వేల ఏళ్ల తేడాతో, రైతులందరూ మా తాతలాగే ఆలోచించారు. ఇంటి ఆవు ఇంట్లోనే ఉంటుంది, మంచి గిత్తను మాత్రం ఎంత దూరం నుంచైనా తెస్తారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 2009లో ప్రచురించిన మొదటి ఆవు జన్యుపటం (డీఎన్ఏ అక్షరాల పూర్తి వరుస) హియర్‌ఫోర్డ్ అనే యూరప్ జాతి ఆవుది. చిప్‌ల మీద చదివే ఆ 50 వేల చోట్లను కూడా ఎక్కువగా యూరప్ జాతుల్లో తేడాలున్న చోట్లు చూసి ఎంచారు. అందువల్ల ఆ చిప్‌తో చూస్తే మన పశువుల్లో వైవిధ్యం తక్కువ ఉన్నట్టు అబద్ధపు లెక్క వస్తుంది. మా ఊరి మందను మొదట అలా చూసి, జాతి క్షీణించిపోయిందని నేను కంగారు పడ్డాను. మొత్తం జన్యుపటం చదివితే మూపురం జాతుల్లోనే వైవిధ్యం ఎక్కువ. పత్రికల్లో ‘మన జాతుల్లో జన్యు వైవిధ్యం తగ్గింది’ అని కనబడితే ఏ పరికరంతో కొలిచారో ముందు చూడండి.

ఇక మీరు అడగకపోయినా చాలామంది అడిగేది: బ్రెజిల్ నెలోరు వీర్యం తెప్పించి మన ఆవులకు వేస్తే ఆ యూరప్ తల్లి వంశం మన మందల్లోకి వస్తుందా? రాదు. వీర్యంతో మైటోకాండ్రియా దూడకు చేరదు, పుట్టే దూడకు మన ఆవుదే వస్తుంది. రావడానికి అవకాశం ఉన్నది మిగతా క్రోమోజోముల్లో చెదిరి ఉన్న ఆ సన్నని కమతాలే. అవి ఎన్ని ఉన్నాయో చిప్ చెబుతుంది. తల్లి వంశం పరీక్ష కాగితం ఒక్కటే చూపించి ఎవరైనా శుద్ధజాతి అంటే, మాతామహుడి సంగతి అడగండి.