పద్మిని పెట్రోల్ పైపులు ముందు మార్చు, బిడ్డా

బిడ్డా,

మీ బాపు ప్రీమియర్ పద్మిని కారును మళ్లీ రోడ్డెక్కిస్తున్నావని విన్నప్పటి నుంచి సంతోషంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. పెయింటు, టైర్లు, సీట్ల గురించి ఫోన్లో ఎంతో చెప్పావు. పెట్రోల్ పైపుల మాట మాత్రం ఎత్తలేదు. అవి మార్చేదాకా సెల్ఫ్ కొట్టకు.

పైపులు బాగానే కనబడుతున్నాయి అంటావేమో. నేనూ అట్లే అనుకున్నాను. ఒక ఎండాకాలం కట్టంగూరు దాటాక కారులోకి పెట్రోల్ వాసన వచ్చింది. ముందు పోతున్న లారీదేమో అనుకున్నాను. నకిరేకల్‌లో ఆపి బానెట్ లేపితే, పంపు నుంచి కార్బురేటర్‌కు పోయే పైపు క్లిప్పు దగ్గర చుక్కచుక్కగా కారుతోంది. జానెడు దూరంలో ఇంజిన్ పొగ బయటికి పంపే మానిఫోల్డ్ సెగలు కక్కుతోంది. వెనక సీట్లో మీ పెద్దమ్మ, పిల్లలు. పైకి ఆ పైపు నల్లగా, కొత్తదానిలా ఉంది. ఇంటికొచ్చి బ్లేడుతో చీల్చి చూస్తే లోపలంతా పగుళ్లే.

ఈ రబ్బరు లోపలి నుంచి పాడవుతుంది. పద్మిని తయారైన రోజుల్లో బంకుల్లో ఇథనాల్ కలిపిన పెట్రోల్ లేదు. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ వస్తోంది. అది పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. బండి నెలల తరబడి నిలబడితే అదే రబ్బరు ఎండి పగులుతుంది. రాలిన పొడి పోయి కార్బురేటర్ జెట్టులో, అంటే పెట్రోల్ పోయే సన్న రంధ్రంలో ఇరుక్కుంటుంది. బండి ఆగినప్పుడల్లా కార్బురేటర్ విప్పుతారు గానీ పైపు వైపు చూసేవాళ్లు తక్కువ.

షాపులో ఊరికే పెట్రోల్ పైపు అని అడగకు. పాత ముక్క తీసుకెళ్లి లోపలి కొలత కలుపుకో. పైపు మీద అచ్చు చదువు. ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ఉంటే లోపలి పొర ఫ్లోరో రబ్బరు, ఇథనాల్‌ను తట్టుకుంటుంది. నల్గొండలో దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయి రా, ఒక పూట పోతే పోయింది. బండి చూడముచ్చటగా ఉంటుందని ప్లాస్టిక్ ట్రాన్స్‌పరెంట్ పైపు మాత్రం వేయకు. పళ్లు కోసిన స్క్రూ క్లిప్పులు చిన్న పైపును కోసేస్తాయి. చుట్టూ సమానంగా బిగిసే, అంచు మడిచిన క్లిప్పులు తీసుకో.

బానెట్ కింద రెండు ముక్కలు మార్చి పని అయిపోయిందనుకోకు. ట్యాంకు దగ్గర ఇనుప పైపుకు కలిపే ముక్క ఉంటుంది, పెట్రోల్ పోసే మూతి నుంచి ట్యాంకులోకి దిగే లావు రబ్బరు కూడా ఉంటుంది. అవి కంటికి కనబడవు కాబట్టి ఎవరూ ముట్టుకోరు. కింద పడుకొని ఇనుప పైపుకు తుప్పు పట్టిందేమో కూడా చూడు.

పని పొద్దున చల్లగా ఉన్నప్పుడు వాకిట్లో పెట్టుకో, బండి కింద దిగి పని చేసే గుంతలో మాత్రం వద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, గుంతలోకి దిగి పేరుకుంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, ట్యాంకు ఖాళీ చేయాలి. నోటితో పీల్చి తీయడం మన దగ్గర అలవాటే, నువ్వు మాత్రం ఆ పని చేయొద్దు. పొడి చల్లి మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకో.

పాత పైపు రాకపోతే ప్లయర్‌తో గుంజకు, కార్బురేటర్ ఇత్తడి మూతి వంగుతుంది. పొడవునా కోసి ఒలిచెయ్, ఇత్తడి మీద గీత పడనీయకు. కొత్తది అంగుళం దాకా లోపలికి ఎక్కాలి, ఎక్కడా నొక్కుకుపోకూడదు, మానిఫోల్డ్‌కు తగలకూడదు. స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలెయ్. ప్రతి అతుకునూ పొడి గుడ్డతో తుడిచి చూడు. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు.

తీసిన పాత ముక్కలు పారేయకు. వచ్చే నెల వచ్చినప్పుడు చీల్చి చూస్తాను.

మీ పెద్దబాపు