ఫ్రెండ్ వాడి తెచ్చాక క్లచ్ పోయింది, ఖర్చు ఎవరిది?

మీ ఫ్రెండ్ రెండు రోజులు కారు తీసుకెళ్ళి తెచ్చిచ్చారు, మర్నాడే క్లచ్ పోయింది, బిల్లు ఆయన్ని అడగొచ్చా అన్నారు కదా. అడిగే ముందు మెకానిక్ తీసిన పాత క్లచ్ ప్లేట్ మీ కళ్ళతో చూడండి. నాకూ అచ్చం ఇలాగే అయింది, అందుకే చెప్తున్నా.

నా కారు తీసుకెళ్ళిన ఫ్రెండ్ దారిలోంచి ఫోన్ చేసి "ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదురా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, వీడే ఎలా పడితే అలా నడిపి పాడుచేశాడనుకుని ఫోన్లోనే నాలుగు మాటలు అనేశా. తీరా షెడ్లో మెకానిక్ ప్లేట్ తెచ్చి నా చేతిలో పెడితే లైనింగ్ (ప్లేట్ మీద పట్టునిచ్చే పొర) అంతా అరిగిపోయి రివెట్లు బయటికొచ్చేసున్నాయి, అట్లా సమానంగా అరగడం రెండ్రోజుల పని కాదు సార్ అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, రెండు నెలల నుంచీ పెడల్ దాదాపు మొత్తం వదిలితే గానీ బండి కదిలేది కాదు, తర్వాత చూద్దాంలే అని నెట్టుకొస్తున్నది నేనే. ఖర్చంతా నేనే పెట్టుకున్నా, బండి లాక్కురావడానికి వాడిచ్చిన డబ్బులూ తిరిగిచ్చేశా. అన్న మాటలు మాత్రం వెనక్కి తీసుకోలేం కదండీ, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అదే ప్లేట్ మాడి నల్లబడి, అది ఆనుకుని తిరిగే ఇంజిన్ చక్రం, అదే ఫ్లైవీల్ మీద నీలం మచ్చలుంటే లెక్క వేరు. ఎత్తు మీద బ్రేక్ వేయకుండా, పెడల్ సగమే వదిలి హాఫ్ క్లచ్‌తో బండిని ఆపి ఉంచితే ఆ వేడికి అలా అవుతుంది. మీరిచ్చేటప్పుడు క్లచ్ బాగానే ఉంటే ఆయన్ని అడగడంలో తప్పులేదు, కాకపోతే ప్లేట్ అప్పటికే సగం వాడేసినదైతే కొత్తదాని మొత్తం ధర అడగడం నాకైతే న్యాయం అనిపించదు.

పెట్రోల్, టోల్, పార్కింగ్ ఎలాగూ తీసుకెళ్ళినవాళ్ళవే. గుంతలో పడి టైరు పక్కగోడ ఉబ్బినా వాళ్ళదే, అది ప్యాచ్‌తో బాగయ్యేది కాదు, టైరు మార్చాల్సిందే. కెమెరా ఫైన్లు మాత్రం కారు ఎవరి పేరున ఉంటే వాళ్ళకే వస్తాయి, అదీ ఒక్కోసారి చాలా రోజుల తర్వాత, కాబట్టి ఏ రోజు ఎన్నింటికి ఇచ్చారో ఒక మెసేజ్ పెట్టి ఉంచుకోండి.

యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు, కానీ క్లెయిమ్ పడేది మీ పాలసీ మీద. క్లెయిమ్‌లో మన జేబులోంచి కట్టే వాటాతో పాటు పోయిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయకుంటే ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కూడా నడిపినవాళ్ళే ఇవ్వాలని నేను ముందే చెప్పేస్తా. లైసెన్స్ లేనివాళ్ళకి ఇస్తే ఆ క్లెయిమ్ కూడా రాకపోవచ్చు, తాళం ఇచ్చేముందే చూసుకోండి.

ఇప్పుడైతే ముందు మెకానిక్‌కి ఫోన్ చేసి ప్లేట్ పారేయొద్దని చెప్పండి. వీలైతే మీ ఫ్రెండ్‌ని కూడా షెడ్‌కి తీసుకెళ్ళి ఇద్దరూ కలిసి చూడండి, డబ్బుల మాట అప్పుడు ఎత్తొచ్చు.