బెంచీపై ఏడుగురు ఫార్వర్డ్‌లు సరే, లైనౌట్‌లో బంతి విసిరేది ఎవరు?

అడిగిన ప్రశ్న: అంతర్జాతీయ రగ్బీ యూనియన్‌లో ప్రతి స్థానానికీ మేటి ఆటగాడినే తీసుకున్నా కొన్ని జట్లు ఎందుకు కుదురుకోవు? బెంచీపై, అంటే ఆట మధ్యలో దింపే ఆటగాళ్లలో, ఏడుగురు ఫార్వర్డ్‌లను (బలంతో బంతి కోసం పోరాడేవారిని), ఒకే ఒక్క బ్యాక్‌ను (బంతితో పరుగెత్తి, తన్నేవాడిని) పెట్టుకోవడం సరైన పద్ధతేనా?

నేను పదకొండేళ్లపాటు ఒక అమెచ్యూర్ క్లబ్బులో ఓపెన్‌సైడ్ ఫ్లాంకర్‌గా, అంటే వెనుక వరుస అంచున ఉండి నేల మీది బంతి కోసం పోరాడే ఫార్వర్డ్‌గా, ఆడాను. అందులో చివరి మూడేళ్లు జట్టును ఎంపిక చేసే ముగ్గురిలో నేనూ ఒకడిని. మా ఆటకూ అంతర్జాతీయ ఆటకూ వేగంలో గాని బలంలో గాని పోలిక లేదు. అయినా చొక్కాలు పంచేటప్పుడు జరిగే తప్పు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటేనని నా గట్టి నమ్మకం. అందరూ మేటి ఆటగాడు ఎవరన్న దగ్గర మొదలుపెడతారు. ఏ పని ఎవరిది, ఆ మనిషి పడిపోతే ఆ పని ఎవరి చేతుల్లోకి వెళుతుంది అన్న దగ్గర మొదలుపెడితే సగం జట్టు దానంతట అదే కుదురుతుంది.

2023 అక్టోబరు 28న స్టాడ్ ద ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌ను తీసుకోండి. దక్షిణాఫ్రికా బెంచీపై ఏడుగురు ఫార్వర్డ్‌లు ఉన్నారు, బ్యాక్ మాత్రం విల్లీ లె రూ ఒక్కడే. అంతమంది ఫార్వర్డ్‌లలోనూ ఆ రోజుల్లో హుకర్ స్థానాన్నే (స్క్రమ్ అనే తోపులాటలో ముందు వరుస మధ్యన ఉండి, లైనౌట్‌లో బంతి విసిరేవాడి స్థానాన్నే) నమ్ముకుని ఆడుతున్నవాడు ఒక్కడూ లేడు. మాల్కమ్ మార్క్స్ టోర్నీ తొలి దశలోనే శిక్షణలో మోకాలు దెబ్బతిని తప్పుకుంటే, అతని స్థానంలో ఇంకో హుకర్‌ను గాక హాండ్రే పొలార్డ్ అనే ఫ్లైహాఫ్‌ను (పదో నంబరు చొక్కాతో ఆటను నడిపే బ్యాక్‌ను) పిలిపించారు. ఫైనల్ మొదలై ఐదు నిమిషాలు నిండకముందే బాంగి ఎంబొనాంబి గాయంతో మైదానం వీడాడు. ఒకప్పుడు హుకర్‌గా ఆడి, ఆ తరువాత ఫ్లాంకర్‌గా స్థిరపడిన ముప్పై ఏడేళ్ల డీయాన్ ఫూరీ ఆ చొక్కా బరువును దాదాపు ఆట మొత్తం మోయవలసి వచ్చింది. స్క్రమ్‌లో, టాకిల్‌లో అతను ప్రాణం పెట్టి ఆడాడు. బంతి పక్క గీత దాటాక రెండు జట్ల వరుసల నడుమకు దాన్ని విసిరి ఆట మళ్లీ మొదలుపెట్టే లైనౌట్ మాత్రం తడబడింది. అతను టచ్‌లైన్ (పక్క గీత) దగ్గర బంతిని తల వెనుకకు తీసుకున్న ప్రతిసారీ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎందుకంటే ఆ చోట ఆ స్థితిలో నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా క్లబ్బులో ఎంపిక సమావేశం ప్రతి శుక్రవారం సాయంత్రం జరిగేది. ఆ వారం బెంచీపై ఆఖరి స్థానం గురించి తర్జనభర్జన పడ్డాము. ఒకవైపు మా రెండో హుకర్: బరువైన మనిషి, వేగం తక్కువ, బంతి పట్టుకుని పరుగెత్తితే చూడముచ్చటగా ఉండదు. మరొకవైపు గాయం నుంచి అప్పుడే కోలుకున్న వింగర్ (మైదానం అంచున పరుగెత్తే బ్యాక్): జట్టు మొత్తంలో అతనిని అందుకోగలవాడు లేడు. మా మొదటి హుకర్ రెండు సీజన్లుగా ఒక్క మ్యాచ్ కూడా తప్పలేదు గనుక వింగర్‌ను తీసుకుందామని నేనే వాదించాను, మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. విషయం చెప్పినప్పుడు ఆ రెండో హుకర్ నొచ్చుకోలేదు, ఒక్క మాట మాత్రం అడిగాడు: "మరి అతనికి ఏమైనా అయితే బంతి ఎవరు విసురుతారు?" నా దగ్గర సమాధానం లేదు. ఏమీ కాదులే అన్నాను.

ఆట మొదలైన ఇరవై నిమిషాలకు స్క్రమ్ కుప్పకూలి, మా హుకర్ భుజం పట్టు తప్పింది. ముందు వరుసలో ఆడటానికి తర్ఫీదు పొందినవాడు మా బెంచీపై లేడు కాబట్టి రెఫరీ నిబంధన ప్రకారం స్క్రమ్‌లను తోపులాట లేనివిగా మార్చారు. స్క్రమ్ గండం అలా గట్టెక్కింది గాని లైనౌట్‌కు అలాంటి మినహాయింపు ఉండదు. శిక్షణ ముగిశాక సరదాకి నాలుగు సార్లు విసిరిన పాపానికి మా కెప్టెన్ బంతిని నా చేతిలో పెట్టాడు. ఉదయమంతా వాన పడింది. బంతి పైనున్న గరుకుదనం బురదలో పూర్తిగా మాసిపోయింది. చొక్కాకు తుడుద్దామంటే చొక్కా కూడా తడిసే ఉంది. ఎదురుగా రెండు వరుసలు, వాటి నడుమ ఒక్క మీటరు సందు. ఆ సందులో తిన్నగా, ఎగిరే మనిషి ఎత్తు అంచుకు చేరే క్షణానికి, అతని చేతులున్న ఎత్తుకు బంతి చేరాలి. ముందు వెళితే ప్రత్యర్థి చేతికి చిక్కుతుంది, ఆలస్యమైతే మనవాడు అప్పటికే కిందికి దిగుతూ ఉంటాడు.

మొదటిది తక్కువ ఎత్తులో వెళ్లి వాళ్ల ముందు జంపర్ చేతిలో పడింది. రెండోది వంకర పోయింది, ఈల మోగింది. మూడోది అందరి తలలూ దాటి వెళితే వాళ్ల స్క్రమ్‌హాఫ్ (స్క్రమ్ వెనుక నుంచి బంతి అందించే బ్యాక్) ఏరుకుని మా గీత అవతల నేలకు ఆనించి ట్రై చేశాడు. ఆ తరువాత మా లాక్‌లకు (లైనౌట్‌లో ఎగిరే పొడవైన ఫార్వర్డ్‌లకు) నా మీద నమ్మకం పోయింది. బంతి నా చేతిలోంచి వదలకముందే ఎగరసాగారు, అలా ఎగిరితే నా విసురు మరింత చెడింది. మొత్తం తొమ్మిది విసుర్లలో ఏడు పోగొట్టుకున్నాము. మేము తొలగించిన ఆ రెండో హుకర్ మామూలు బట్టలలో టచ్‌లైన్ అవతల నిలబడి, "మోచేతులు దగ్గరికి తీసుకో, చూపు బంతి మీద వద్దు, అతని చేతుల మీద పెట్టు" అని ప్రతిసారీ చెబుతూనే ఉన్నాడు. ఎనిమిదోది సరిగ్గా చేరింది. నేను పట్టుబట్టి తెచ్చిన వింగర్‌కు ఆ రోజు బంతి అందింది రెండే రెండు సార్లు.

ఈ చివరి విషయాన్ని అంతర్జాతీయ సెలెక్టర్లు కూడా మరచిపోతారు. రగ్బీలో ఒక చోట పడ్డ చిల్లు అక్కడే ఉండదు. లైనౌట్ పోతే వింగర్ పస్తులుంటాడు, స్క్రమ్ వెనక్కి నడిస్తే ఫ్లైహాఫ్ ఎంత ప్రతిభావంతుడైనా వెనక కాలి మీద నిలబడి తన్నవలసి వస్తుంది. అయినా ప్రపంచ కప్ వచ్చిందంటే టీవీలో వారం రోజులు పదో నంబరు చొక్కా ఎవరిదన్న చర్చే సాగుతుంది. బెంచీ మీది హుకర్ వేసుకునే పదహారో నంబరు గురించి, బెంచీ మీది టైట్‌హెడ్ ప్రాప్ (స్క్రమ్ ముందు వరుసలో కుడివైపు నిలబడేవాడు) వేసుకునే పద్దెనిమిదో నంబరు గురించి ఒక్క నిమిషం మాట్లాడేవారు కనపడరు. నాకు ఇది ఎంతో బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చూసేవారి దృష్టి ఎటు ఉంటే సెలెక్టర్ల మీద ఒత్తిడి కూడా అటే ఉంటుంది.

2019 ఫైనల్‌లో ఇంగ్లండ్‌కు పద్దెనిమిదో నంబరు విలువ తెలిసివచ్చింది. సెమీస్‌లో న్యూజిలాండ్‌ను 19-7తో ఓడించిన జట్టు అది. ఫైనల్ మొదటి నిమిషాలలోనే టైట్‌హెడ్ ప్రాప్ కైల్ సింక్లర్ తలకు దెబ్బ తగిలి వెళ్లిపోగా, డాన్ కోల్ ఆట మొత్తం నెట్టుకురావలసి వచ్చింది. అవతల ఆరుగురు ఫార్వర్డ్‌లను బెంచీపై పెట్టుకున్న దక్షిణాఫ్రికా ముందు వరుసను మార్చి మార్చి దింపింది. స్క్రమ్ దగ్గర పెనాల్టీ మీద పెనాల్టీ వచ్చింది, స్కోరు 32-12కు చేరింది. కోల్‌ను తప్పుపట్టడం అన్యాయం. ఇరవై నిమిషాల పనికి తీసుకున్న మనిషి చేత దాదాపు ఎనభై నిమిషాల పని చేయించడమే అసలు కారణం.

అదే టోర్నీ సెమీస్‌లో న్యూజిలాండ్ చేసిన పొరపాటు ఇంకొక రకమైనది. ఇంగ్లండ్ లైనౌట్‌ను దెబ్బతీయాలన్న ఆశతో లాక్‌గా ఆడే స్కాట్ బారెట్‌ను బ్లైండ్‌సైడ్ ఫ్లాంకర్‌గా (వెనుక వరుస రెండో అంచున) దింపి, ఓపెన్‌సైడ్ సామ్ కేన్‌ను బెంచీకి పంపారు. ఇంగ్లండ్ ఫ్లాంకర్లు టామ్ కరీ, సామ్ అండర్‌హిల్ రక్‌ల దగ్గర (పడ్డ ఆటగాడి మీద బంతి కోసం జరిగే పోరులో) విజృంభించారు. విరామం కాగానే కేన్‌ను తీసుకురావలసి వచ్చింది. లైనౌట్ ముఖ్యమని ఇంతసేపు చెప్పిన నేనే ఈ ఉదాహరణ ఇస్తున్నానంటే, ఒక పనిని బలపరచడానికి మరో పనిని ఖాళీ చేస్తే ఏమవుతుందో చెప్పడానికే. వెనుక వరుసలోని ముగ్గురిలో ఒకడు ఎగరగలవాడు, ఒకడు నేల మీది బంతిని లాక్కోగలవాడు, ఒకడు బంతి మోసుకుంటూ గోడను గుద్దగలవాడు కావాలి. 2015లో ఆస్ట్రేలియా ఈ లెక్కను తిరగరాసిందని అంటారు, ఎందుకంటే డేవిడ్ పోకాక్, మైకెల్ హూపర్ అనే ఇద్దరు ఓపెన్‌సైడ్‌లను ఒకేసారి ఆడించి ఫైనల్ దాకా వెళ్లింది. ఆ ఇద్దరి పక్కన స్కాట్ ఫార్డీ అనే పొడవైన బ్లైండ్‌సైడ్ ఉన్నాడని, లైనౌట్ భారం అతను పంచుకోబట్టే మిగతా ఇద్దరికీ ఆ స్వేచ్ఛ దొరికిందని చెప్పేవారు తక్కువ. నా దృష్టిలో ఆ వెనుక వరుసలో అసలైన ఎంపిక ఫార్డీయే.

అదే 2015లో ఆతిథ్య దేశమైన ఇంగ్లండ్, తన క్లబ్బు తరఫున ఫ్లాంకర్‌గా ఆడిన సామ్ బర్గెస్‌ను వేల్స్‌పై సెంటర్‌గా (బ్యాక్‌ల వరుస మధ్యన) నిలబెట్టింది. ఆ మ్యాచ్ గురించి మాట్లాడేవారందరూ బర్గెస్‌నే తలచుకుంటారు. నేను ఆఖరి నిమిషాలలోని లైనౌట్‌ను తలచుకుంటాను. 28-25తో వెనుకబడి ఉండగా, సమం చేసే కిక్‌ను వదులుకుని కెప్టెన్ క్రిస్ రాబ్‌షా మూలకు తన్నించాడు. బంతిని లైనౌట్ ముందు భాగానికే విసిరారు, వేల్స్ వాళ్లు పట్టుకున్నవారిని పట్టుకున్నట్లే టచ్‌లోకి నెట్టేశారు. సెంటర్‌ల గురించి నెలల తరబడి సాగిన చర్చలో పదో వంతు ఆ లైనౌట్ మీద సాగి ఉంటే ఇంగ్లండ్ గ్రూపు దశ దాటేదని నేను ఇప్పటికీ అంటాను.

విదేశాల్లో ఆడేవారిని జాతీయ జట్టులోకి తీసుకోని దేశాల తీరు కూడా నాకు నచ్చదు. దేశవాళీ పోటీలను కాపాడుకోవాలన్న ఉద్దేశం అర్థం చేసుకోదగినదే గాని, దాని బరువు ఎక్కువగా పడేది ప్రాప్‌లు, లాక్‌ల మీద. ఎందుకంటే ఆ స్థానాల్లో పండిన ఆటగాళ్లు ఏ దేశానికైనా వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే ఉంటారు.

ఇక ఏడు-ఒకటి సంగతి. 2023 ఆగస్టులో ట్వికెన్‌హామ్‌లో న్యూజిలాండ్‌ను 35-7తో చిత్తు చేసినప్పుడు దక్షిణాఫ్రికా ఈ పద్ధతిని మొదట వాడింది. లె రూ ఆఖరి ఘడియలో తప్పుకోవడంతో అతని స్థానంలో క్వాగా స్మిత్ అనే ఫార్వర్డ్ బెంచీపైకి వచ్చాడు. 2025 మార్చిలో డబ్లిన్‌లో ఫ్రాన్స్ అదే బాట పట్టింది. మొదటి అర్ధభాగంలోనే స్క్రమ్‌హాఫ్ ఆంత్వాన్ ద్యుపోన్ మోకాలు దెబ్బతింది, ఒక సెంటర్ కూడా బయటికి వెళ్లాడు, ఆస్కార్ జెగు అనే ఫ్లాంకర్ సెంటర్‌గా ఆడాడు. అయినా ఫ్రాన్స్ 42-27తో ఐర్లండ్‌ను ఓడించింది. కాబట్టి ఆ పద్ధతే తప్పని నేను అనను. సెంటర్‌గా ఫ్లాంకర్ నిలబడగలడు, ఎందుకంటే పరుగు, టాకిల్ అతనికి రోజువారీ పనే. హుకర్ విసురు, టైట్‌హెడ్ నడుము, గోలు కిక్ మాత్రం అప్పటికప్పుడు అరువు తెచ్చుకునేవి కావు. దక్షిణాఫ్రికాకు గోలు కిక్ విషయంలో ఇది బాగా తెలుసు: 2023 ప్రపంచ కప్‌లో ఐర్లండ్‌తో 13-8తో ఓడిన గ్రూపు మ్యాచ్‌లో కిక్‌లు తప్పడం చూశాకనే పొలార్డ్ లోటు అందరికీ కనపడింది. ఫైనల్‌లో న్యూజిలాండ్‌పై 12-11 గెలుపులోని పన్నెండు పాయింట్లూ అతనివే. అందువల్ల హుకర్‌కు బదులు ఫ్లైహాఫ్‌ను తీసుకోవడం సరైనదేనని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎర్ర కార్డుతో యాభై నిమిషాలకు పైగా 14 మందితో ఆడిన ప్రత్యర్థిపై ఒక్క పాయింటుతో బయటపడవలసి రావడానికి కారణం ఆ తడబడిన లైనౌటేనని నా అభిప్రాయం.

నన్ను అడిగితే ఆరుగురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు బ్యాక్‌లు చాలు. ఆ ఇద్దరిలో ఒకడు స్క్రమ్‌హాఫ్ అయి తీరాలి. ఏడో ఫార్వర్డ్ కావాలని కోచ్ పట్టుబడితే, పదహారో నంబరు చొక్కా వేసుకునేవాడు గత నెల రోజుల్లో మ్యాచ్‌లో ఎన్ని బంతులు విసిరాడో ముందు చెప్పమని అడుగుతాను.

మా క్లబ్బులో మరుసటి శుక్రవారం ముగ్గురమూ మళ్లీ కూర్చున్నాము. హుకర్ భుజానికి ఆరు వారాల విశ్రాంతి అన్నారు. రెండో హుకర్‌కు రెండో నంబరు చొక్కా ఇవ్వడానికి ఎవరూ వాదించనక్కర లేకపోయింది. పదహారో నంబరు ఎదుట మాత్రం ఎవరి పేరూ లేదు. రిజర్వ్ జట్టులో ఆడుతున్న పంతొమ్మిదేళ్ల హుకర్‌కు కబురు పంపి, అతను వస్తానన్నాకనే మిగతా చొక్కాల సంగతి ఎత్తాము.