పాముల్లోనూ తప్పంతా మేనరికానిదేనా?

రంగుల కోసం పెంచే బాల్ పైథాన్లకు (ఆఫ్రికా చిన్న కొండచిలువలు) తల వణుకు దగ్గర సంబంధాలు కలపడం వల్లే వస్తుందా అని అడిగారు. కాదు. మనవాళ్ళకు ప్రతిదీ మేనరికం మీదకు తోసెయ్యడం అలవాటైపోయింది. నాదీ మేనరికమే. మా పెద్దవాడికి కళ్ళజోడు పడిందని తెలియగానే పక్కింటావిడ "మేనరికం కదా" అనేసింది. ఆవిడ మనవడికీ కళ్ళజోడుంది, వాళ్ళది పై సంబంధమే. సరే, పాముల సంగతికొస్తా.

మా మేనల్లుడు టెక్సస్‌లో ఉంటాడు. పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి పాములు. నేను వెళ్ళినప్పుడు కారు షెడ్డులో సొరుగుల్లాంటి డబ్బాలు చూపించాడు. ఒకదాంట్లో పసుపచ్చ ఒంటి మీద సన్నటి నల్లగీతలున్న పాము, అచ్చం కలంకారీ అద్దకం. స్పైడర్ రకమట. పట్టకారుతో చచ్చిన ఎలుకను దాని ముందు పెట్టాడు. పాము తల ఎత్తింది. ఎత్తిన తల అలాగే మెలి తిరిగి గడ్డం పైకొచ్చేసింది. దూకింది, ఎలుకకు జానెడు పక్కగా పోయి డబ్బా గోడకు మూతి కొట్టుకుంది. మళ్ళీ దూకింది, మళ్ళీ అంతే. నాలుగోసారికి ఎలుక తోక దొరికింది. కల్లు ఎక్కువైనవాడు ఇంటి గుమ్మం వెతుక్కున్నట్టుంది. "తినేస్తుంది మావయ్యా, దానికేం కాదు" అన్నాడు వాడు.

స్పైడర్లన్నీ 1999 ప్రాంతంలో అమెరికా పెంపకందార్ల చేతికొచ్చిన ఒక్క ఆఫ్రికా అడవి పాము సంతతి. ఏ జన్యువైనా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలుగా వస్తుంది. ఈ రంగు జన్యువు ఒక్క కాపీ ఉన్నా రంగు కనిపిస్తుంది కాబట్టి, ఏ చుట్టరికమూ లేని మామూలు పాములతోనే జత కట్టించవచ్చు. అలా ఎన్ని తరాలు రక్తం మార్చినా వణుకు పోలేదు. 2022లో జర్మనీ శాస్త్రవేత్తలు స్కాన్ తీస్తే, ఒళ్ళు తూలకుండా చూసుకునే లోపలి చెవే సరిగ్గా ఏర్పడలేదని తేలింది. రంగు తెచ్చిన జన్యువే జబ్బునీ తెచ్చింది. ఇందులో మేనరికం చేసిన తప్పేముంది?

మేనరికాన్ని తిట్టాలంటే ఆల్బినోల దగ్గర, అంటే ఒంట్లో నలుపు రంగు ఏర్పడని పాముల దగ్గర తిట్టండి. అక్కడ రెండు కాపీలుంటేనే రంగు బయటపడుతుంది. ఒక్క ఆల్బినో పోతు దొరికినవాడు దాన్ని మామూలు పెట్టతో కలుపుతాడు. పిల్లలన్నీ మామూలుగానే పుడతాయి. వాటిలో ఒక పెట్టను మళ్ళీ తండ్రితోనే కడతాడు. మన బావామరదళ్ళ మేనరికం పిల్లల్లో ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1. తండ్రీకూతుళ్ళ జతలో 4లో 1. దాక్కున్న లోపాలూ ఆ లెక్కనే జతకడతాయి.

మావాడి దగ్గర అలాంటి జతకు ఆరు గుడ్లు. రెండు ఉత్తవే. ఒక పిల్లకు కన్ను లేదు, ఇంకోదానికి వెన్ను కొక్కెంలా వంగింది. వెన్ను వంకర పొదిగే పెట్టెలో వేడి ఎక్కువైనా వస్తుంది, థర్మోస్టాట్ మొరాయించిందని వాడే ఒప్పుకున్నాడు. పందెం కోళ్ళు పెంచిన మా తాతయ్య మూడేళ్ళకోసారి భీమవరం వైపు నుంచి కొత్త పెట్టను తెచ్చేవాడు. "మన పెరట్లోవే మనకి కడితే గుడ్లు మురుగుతాయిరా" అనేవాడు. ఆయన ఏ జన్యుశాస్త్రం చదివాడని!

ఇవన్నీ చదివి ఇక్కడ మొదలుపెడదామనుకోకండి. మన కొండచిలువను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. టెక్సస్ ఫొటోలు వాట్సాప్‌లో పెట్టిన పాపానికి, మొన్న వరద తీశాక లంకలోంచి ఒక కుర్రాడు గోనెసంచి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "బాబాయ్, కొండచిలువ పిల్ల. మీవాడు కొంటాడేమో అడుగు." సంచి మూతి కాస్త వదులు చేశాడో లేదో, లోపల్నుంచి కుక్కర్ విజిల్‌లా బుస. రక్తపింజర! సంచి కొబ్బరికాయల రాశి పక్కన వదిలేసి ఇద్దరం అరుగెక్కేశాం. పాములు పట్టేవాడు వచ్చేదాకా, అంటే రెండు గంటలు, అక్కడే.